బీవర్, పోర్టర్: రెండు అడవి విమానాల పోలిక

వరంగల్ శివారులోని మామునూరులో మళ్లీ విమానాలు దిగాలని మనమంతా కోరుకుంటున్నాం గానీ, పక్కా రన్‌వే లేకున్నా పని నడిపే చిన్న విమానాల చరిత్ర కూడా మనకు తెలిసి ఉండాలి.

కెనడాలో తయారై 1947లో తొలిసారి ఎగిరిన డి హావిలాండ్ బీవర్‌ను అడవి ప్రాంతాల పైలట్ల సలహాలు అడిగి మరీ రూపొందించారు. పీపాలను సైతం దొర్లించి ఎక్కించగల వెడల్పాటి తలుపులు, చక్రాల స్థానంలో నీటిపై తేలే తెప్పలనో మంచుపై జారే పట్టీలనో అమర్చుకునే వీలు ఈ విమానానికి ఉన్నాయి. 450 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్ గల బీవర్లు 1,600కు పైగా తయారయ్యాయి. 1967లో ఉత్పత్తి ఆగిపోయినా, అవి నేటికీ సరస్సుల మీద తిరుగుతూనే ఉన్నాయంటే ఆ నిర్మాణం ఎంత దృఢమైనదో అర్థమవుతుంది.

స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ పోర్టర్ 1959లో ఎగిరింది. మరుసటి ఏడాదే నేపాల్‌లో ధవళగిరి పర్వతారోహకులకు సామగ్రి మోస్తూ, 5,000 మీటర్లకు పైబడిన ఎత్తున మంచుపై దిగింది. తరువాత వచ్చిన టర్బైన్ ఇంజిన్ దాని బలాన్ని మరింత పెంచింది.

గోదావరి పొంగి ఏటూరునాగారం దారులు మునిగినప్పుడు, దుంగలు కొట్టుకొచ్చే వరదనీటిపై బీవర్‌ను దింపడం ప్రమాదకరం కనుక, మెరక చేలో కొద్దిపాటి జాగాలో దిగగల పోర్టరే మేలని నా అభిప్రాయం. అయితే ఇళ్ల కప్పులపై చిక్కుకున్నవారిని కాపాడటానికి హెలికాప్టర్ తప్పదు.