రాత్రి పూట అన్నమా, కొర్రలా, జొన్నరొట్టెనా?

మా ఇంట్లో రాత్రి అన్నం మానేసి ఏడాదిన్నర కావస్తోంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ముందు అడిగేది "షుగరా?" అని. కాదండీ, పంటకు పట్టే నీళ్ల గొడవ అంటే ఒకలా చూసి, తర్వాత అసలు ప్రశ్నకొస్తారు: "అయితే కొర్రలు తినాలా, జొన్నలా?" మూడూ వండి, మూడింటినీ ఒకసారైనా పాడుచేసి చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆరోగ్యం లెక్కల జోలికి పోను. అవి చెప్పేవాళ్లు ఇంటికొకరున్నారు.

ముందు బియ్యం. మడిలో నీళ్లు నిలవడం, గాలాడని బురదలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుట్టడం అందరికీ తెలిసిందే. మనం ఇష్టపడి కొనే సాంబ మసూరి, అదే 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, కోతకు రావాలంటే దాదాపు ఐదు నెలలు. అయినా బియ్యాన్నంతా ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వానాకాలం పొలాలు ఎటూ నీళ్లలోనే ఉంటాయి. అక్కడ వరి కాక ఇంకేం వేస్తారు? బోరు కింద వరి సంగతి వేరు. మా మేనమామ ఊరు నల్గొండ వైపు. నా చిన్నప్పుడు ఆయన పొలం బావిలో దూకి ఈత కొట్టేవాళ్లం. ఇప్పుడా పొలంలో మూడు బోర్లు, అందులో రెండు ఎండిపోయాయి. ఉన్న ఒక్కటీ రాత్రీపగలూ నడుస్తుంటుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటు కాబట్టి మామకు బిల్లు రాదు. కానీ ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు కాలిస్తేనే వస్తుంది కదా.

చిక్కేమిటంటే, బస్తా మీద ఇది కాలువ వరో బోరు వరో రాసి ఉండదు. వెదజల్లి తక్కువ నీళ్లతో పండించిన వడ్లు కూడా మిల్లుకెళ్తే అన్నిట్లో కలిసిపోతాయి. ఎంచుకుని కొందామన్నా కొనేవాళ్ల చేతిలో ఏమీ లేదు.

అలాగని ఇంట్లో ఉన్న బియ్యం వదిలేయమని కాదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ మీద సన్నబియ్యమే ఇస్తున్నారు. వాటిని ఎవరికో అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకాస్త కలిపి మిల్లెట్ ప్యాకెట్లు కొన్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ బియ్యాన్ని ఇంకొకరు తింటారు, అంతే. నీళ్లేం మిగలవు.

ఇక కొర్రలు. పంట ఎనభై తొంభై రోజుల్లో చేతికొస్తుంది, వాన చినుకులు చాలు. నీటి లెక్కలో దీన్ని కొట్టేది లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ప్రతి సూపర్ మార్కెట్లోనూ దీనికో అర వచ్చింది. నేనూ ఆ హడావుడిలోనే మొదలుపెట్టాను. డిస్కౌంట్ ఉందని ఐదు కిలోలు తెచ్చి, వారానికోసారి వండుతూ పోతే రెండు నెలలకు డబ్బాలో పురుగు తిరిగింది. సగం పారబోశాం. తప్పు కొర్రది కాదు, నాదే. కానీ ఆ తర్వాతే దాని అసలు ఇబ్బంది బోధపడింది. కొర్ర, సామ, అరిక, ఊద, వీటన్నిటికీ గింజ మీద గట్టి పొట్టుంటుంది. అది తీయడానికి వేరే మెషిన్ కావాలి, అది వీధి గిర్నీలో (పిండిమరలో) ఉండదు. అందుకే గింజ ఎక్కడికో వెళ్లి, పొట్టు తీయించుకుని, చాలాసార్లు తవుడు కూడా పోగొట్టుకుని తెల్లగా తయారై, ప్లాస్టిక్ ప్యాకెట్లో మన దగ్గరకొస్తుంది. మా షాపులో సన్నబియ్యం కంటే ధర కూడా ఎక్కువే.

జొన్నకు ఆ తంటా లేదు. వేరే తీయాల్సిన పొట్టే ఉండదు. చాటలో చెరిగి, రాళ్లేరి నేరుగా గిర్నీకి పట్టుకుపోవడమే. నా మటుకు తేల్చేసింది ఇదే. మా వీధి చివర గిర్నీలో నా కళ్ల ముందే పిండవుతుంది, మా స్టీలు డబ్బాలోనే ఇంటికొస్తుంది. నీళ్లంటారా, వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడిలో వానలు తగ్గాక విత్తే జొన్న నేలలో మిగిలిన పదునుతోనే గట్టెక్కుతుంది. మంచుకే పండుతుందంటారు పాతవాళ్లు. కంకి కోసుకున్నాక చొప్ప పశువులకు.

గ్యాస్ విషయంలో మాత్రం అన్నానిదే పైచేయి, ఒప్పుకోవాలి. నలుగురికి కుక్కర్లో మూడు విజిల్స్‌తో అయిపోయేది, ఎనిమిది రొట్టెలకు అరగంట పైనే పొయ్యి మండుతుంది. అందుకే వారంలో మూడు రోజులు జొన్నరవ్వ గటక, అంటే సంకటిలాంటిది, కుక్కర్లో పెడతాం, మిగతా రోజులు రొట్టె.

రొట్టె రాదని భయపడేవాళ్లకు ఒక్క మాట. తప్పు చేతిది కాదు, చాలావరకు పిండిదే. నెల దాటిన పిండికి జిగురు ఉండదు, తడుతుంటే అంచులు పగిలి ముక్కలవుతుంది. మొదటి వారం నావి గేటు దగ్గర ఆవుకే వెళ్లాయి. రెండు కిలోలకు మించి పట్టించకండి. నీళ్లు తెర్లుతుండగానే పిండిలో పోసి, చెయ్యి ఓర్చుకోగలిగిన వేడిలోనే బాగా మర్దించాలి. పెనం మీద వేశాక పైన తడిబట్టతో అద్ది, ఆ తడి ఆరుతుండగా తిప్పాలి.

రాగులకూ పొట్టు బాధ లేదు, కానీ మా ఇంట్లో జావ దాటి ముందుకు పోలేదు. సజ్జపిండి త్వరగా చేదెక్కుతుంది, చలికాలంలో నాలుగు రోజులు బాగుంటుంది. ఓట్స్ చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వస్తాయి. పక్క జిల్లాలో జొన్న ఉండగా ఆ ముచ్చట ఎందుకు?

మధ్యాహ్నం మాత్రం మాకు అన్నమే. పప్పూ ఆవకాయా రొట్టెతో తినమంటే ఇంట్లో యుద్ధమే. మా అత్తమ్మకైతే రాత్రి కూడా చివర్లో గుప్పెడు పెరుగన్నం పడాలి. అందుకని మధ్యాహ్నమే ఆమె వంతుకు గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తున్నాం.