సికింద్రాబాద్–వైజాగ్ వందే భారత్: ఈవెంట్లు చేసేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తది

ముందే చెప్తున్నా, ఇది టూర్‌కి పోయేవాళ్ళ కోసం రాసిన రివ్యూ కాదు. కిటికీ సీటు, రీల్స్, బండి ఎంత స్పీడ్ పోతది, వీటి మీద ఇప్పటికే బోలెడు ఉన్నయి. కాన్ఫరెన్సులు, డీలర్ మీట్లు, బీచ్ పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి పని మీద పోతే ఈ బండి ఎట్లా ఉంటది, ఇందులో ఎవర్ని ఎక్కించాలి ఎవర్ని ఎక్కించకూడదు, ఏ సామాను పట్టుకుపోవచ్చు, ఇవి రాస్తున్నా. నేను ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, వైజాగ్ పని ఓకే అయిందంటే ఫ్లైట్ రేట్ల కన్నా ముందు దీంట్లో సీట్లు ఉన్నయా లేవా అనే చూస్తా.

మొదటి వందే భారత్ ఈ రూట్‌లో 2023 సంక్రాంతికి, జనవరి 15న మొదలైంది. తర్వాత 2024 మార్చిలో రెండోది వచ్చింది. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి ఒకటి తెల్లారుజామున 5:05కి బయల్దేరి మధ్యాహ్నం 1:50కి వైజాగ్‌లో దింపుతది, ఇంకోటి మధ్యాహ్నం 3కి బయల్దేరి రాత్రి 11:30 అయితది. వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి, సామర్లకోట మీదుగా పోతయి. దాదాపు 700 కిలోమీటర్లు. ఒక్కో బండి వారంలో ఒకరోజు ఉండదు, టైమింగ్స్ కూడా అప్పుడప్పుడు కాస్త మారుస్తుంటారు కాబట్టి బుక్ చేసే ముందు యాప్‌లో ఒకసారి చూస్కోండి. చెయిర్ కార్ టికెట్ 1,700 పైచిలుకు, ఎగ్జిక్యూటివ్ 3,100 పైచిలుకు అనుకోండి.

రెక్కీకి, అంటే ఈవెంట్‌కి ముందు సైట్ చూసి రావడానికి పోయేవాళ్ళు కళ్ళు మూసుకుని పొద్దున బండి ఎక్కండి. లేవడం కష్టమే, ఆ టైంకి మెట్రో కూడా ఉండదు, మెట్రో 6కి గానీ మొదలవదు, క్యాబ్ రాత్రే చెప్పి పెట్టుకోవాలి. అయినా సరే పొద్దున బండే. ఎందుకంటే 1:50కి దిగి హోటల్‌కి పోయేసరికి చెకిన్ టైం అయితది, బ్యాగులు పడేసి మొహం కడుక్కుని మూడున్నరకల్లా ఈవెంట్ పెట్టే లాన్‌లో నిలబడొచ్చు. మన ఈవెంట్ జరిగేది సాయంత్రమే కదా, సైట్‌ని చూడాల్సింది కూడా ఆ టైంలోనే. పొద్దున పదకొండింటికి సేల్స్ వాళ్ళు చూపించే లాన్ వేరు, సాయంత్రం నాలుగున్నరకి అదే లాన్ వేరు.

దీని గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే కొత్తగా వైజాగ్ పని పట్టుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతినడం చూస్తున్నా. క్లయింట్ ఏమంటాడు, వెనకాల సముద్రం, సముద్రంలోకి సూర్యుడు దిగుతుండాలి, ముందు స్టేజీ. వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంటది. సముద్రంలోంచి సూర్యుడు లేవడమే గానీ అందులోకి దిగడం ఉండదు, సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. సముద్రం వెనకాల పడేట్టు స్టేజీ కట్టామంటే స్టేజీ మొహం పడమరకి ఉంటది, అంటే దిగే ఎండ సూటిగా ఎల్‌ఈడీ వాల్ మీద కొడతది, స్క్రీన్ మీద ఏం కనపడదు, మైక్ పట్టుకున్న ఎండీ గారు కళ్ళు చిట్లించుకుని మాట్లాడాల్సి వస్తది. డిసెంబర్‌లో అయితే ఐదున్నర లోపే పొద్దు వాలిపోతది కాబట్టి ప్రెజెంటేషన్లు ఆ తర్వాత పెట్టుకుంటే సరిపోద్ది, అదే ఏప్రిల్ అయితే ఆరు దాటాలి. ఇంకొకటి గాలి. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి నేల మీదకి వస్తది, అది వచ్చి గుద్దేది సరిగ్గా మన స్టేజీ వీపుకే. ఇరవై అడుగుల ఫ్లెక్స్ బ్యాక్‌డ్రాప్ తెరచాప లాగా ఉబ్బుతది. ట్రస్‌కి (బ్యాక్‌డ్రాప్ నిలబెట్టే ఫ్రేమ్) వెనక సపోర్ట్, కింద బరువులు, ఫ్లెక్స్‌లో గాలి పోయేందుకు కోతలు, ఇవన్నీ డ్రాయింగ్‌లోనే ఉండాలి, సైట్‌కి వచ్చాక వెల్డర్‌ని వెతుక్కుంటే కాదు. ఇవన్నీ మధ్యాహ్నం మూడున్నరకి అక్కడ నిలబడితేనే తెలుస్తయి. పొద్దున ఫ్లైట్‌లో పోయి పదింటికి చూసి మూడింటి ఫ్లైట్‌కి తిరిగొచ్చేవాళ్ళకి తెలీవు.

ఫ్లైట్ గురించి కూడా చెప్పాలి. గాల్లో ఉండేది గంటా పావే, నిజమే. కానీ కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ పోవాలి, ముందే చేరుకోవాలి, సెక్యూరిటీ, బోర్డింగ్, మళ్ళీ అటు దిగాక బెల్ట్ దగ్గర బ్యాగుల కోసం నిలబడాలి. ఐదున్నర ఆరు గంటలు అట్లా ముక్కలు ముక్కలుగా పోతయి, ఏ ముక్కలోనూ కూర్చుని ఒక పేజీ రాయలేం. బండిలో ఎనిమిదిన్నర గంటలు పైనే పడతది గానీ ఆ గంటలు మనవే. సీటు కింద ఛార్జింగ్ పాయింట్, ముందు టేబుల్, పక్క సీట్లలో మన టీమే. ఆఫీసులో నాలుగు రోజులు తిరిగినా అవ్వని మినిట్ టు మినిట్ (ఏ నిమిషానికి ఏం జరగాలో రాసే షీట్) నేను విజయవాడ వచ్చేలోపు పూర్తి చేస్తా, ఎందుకంటే లైట్స్ చూసే అబ్బాయి, హాస్పిటాలిటీ చూసే అమ్మాయి ఇద్దరూ పక్కనే ఉంటారు, ఫోన్ చేసి పట్టుకోవాల్సిన పని లేదు. ఎవరికి ఏ రూమో రాసే రూమింగ్ లిస్ట్‌లో ఇద్దరు డాక్టర్ల పేర్లు ఒకేలా ఉన్నయి చూడు అని అక్కడికక్కడే దొరికిపోతది. వైఫై మీద ఆశ పెట్టుకోకండి, మీ హాట్‌స్పాట్ మీదే నడవాలి, ఊరికీ ఊరికీ మధ్య సిగ్నల్ పోయి వస్తుంటది కాబట్టి షీట్లన్నీ ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి. క్లయింట్‌తో వీడియో కాల్ మాత్రం ఈ ఎనిమిది గంటల్లో ఒప్పుకోకండి. మధ్యలో కట్ అయితే ఒక ఇబ్బంది, పక్కవాళ్ళు మన బడ్జెట్ మొత్తం వినడం ఇంకో ఇబ్బంది.

చెయిర్ కార్‌లో ఒకవైపు మూడు ఒకవైపు రెండు సీట్లు, ఎగ్జిక్యూటివ్‌లో రెండూ రెండూ, సీటు తిప్పుకోవచ్చు కూడా. నలుగురు ఎదురెదురుగా కూర్చుని మీటింగ్ పెట్టుకోవాలంటే ఎగ్జిక్యూటివ్‌కి పెట్టే ఖర్చు దండగ కాదు. సీనియర్ డాక్టర్లు, స్పీకర్లు, పెద్ద వయసు గెస్టులు ఉంటే మాత్రం ఎగ్జిక్యూటివ్ అయినా సరే ముందు అడగండి, ఎందుకంటే బండి మొత్తం కూర్చునేదే, పడుకోడానికి లేదు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అంతసేపు కష్టం. వాళ్ళకి ఫ్లైటే వెయ్యండి.

తిండి టికెట్‌తో పాటే తీసుకోవచ్చు, వద్దంటే బుక్ చేసేటప్పుడే వద్దని పెట్టొచ్చు. పొద్దున బండిలో టీ, టిఫిన్, లంచ్ వస్తయి. అద్భుతం అనను, అలాగని తీసిపారేయను, వేడిగా సీటు దగ్గరికి వస్తది, టీమ్‌లో ఎవరూ ఖాళీ కడుపుతో సైట్‌కి రారు, నాకు అది చాలు. రాత్రంతా పనిచేసి పొద్దున ఎక్కినవాళ్ళకి పెరుగన్నం మీరు ఇంటి నుంచి కట్టిస్తే ఇంకా మంచిది.

సామాను సంగతికొస్తే ఈ బండికి పార్శిల్ బోగీ ఉండదు. ఏసీ చెయిర్ కార్‌లో ఫ్రీ లగేజ్ 40 కేజీలు, సూట్‌కేస్ సైజు కూడా రూల్ ప్రకారం 55 బై 45 బై 22.5 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే చుట్టి పట్టుకుపోయే బ్యానర్, రోలప్ స్టాండీ కూడా లెక్క ప్రకారం పొడవు ఎక్కువే. కాబట్టి ల్యాప్‌టాపులు, క్లిక్కర్లు, బ్యాడ్జీలు, లాన్‌యార్డులు, సర్టిఫికెట్ పేపర్, మెమెంటోల శాంపిల్, ఇంతవరకే మనతో. మిగతాది రోడ్డు మీద ముందే పంపండి, ముందే అంటే ఒక రోజు కాదు రెండు రోజులు ముందు. ఒక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు పొద్దున కల్లా వచ్చేస్తదని చెప్పిన బ్యాక్‌డ్రాప్ రోల్ సాయంత్రం రిజిస్ట్రేషన్ మొదలయ్యాక వచ్చింది మాకు, అదృష్టం కొద్దీ అక్కడే ఇంకోటి ప్రింట్ చేయించి కట్టేశాం గానీ ఆ డబ్బులు ఎవరిస్తారు. ఒక్క మాట, బ్యాడ్జీల డబ్బా మాత్రం ఎప్పుడూ ఎవరితోనూ పంపకండి, మన ఒళ్ళోనే ఉండాలి. స్టేజీ లేకపోయినా మీటింగ్ జరుగుతది గానీ పేరు లేని బ్యాడ్జీ మెడలో వేసుకుని డెలిగేట్ లోపలికి రాడు.

వాకీటాకీలు తీసుకుపోతే లైసెన్స్ అక్కర్లేని ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌వే తీసుకెళ్ళండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్లు చాలావరకు ఆ బ్యాండ్‌లో ఉండవు. వైజాగ్ అంటే తూర్పు నావికాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు, ఊళ్ళో ఉన్న ఎయిర్‌పోర్ట్ కూడా నేవీ వాళ్ళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోదే. రేడియోలతో, డ్రోన్లతో అక్కడ ఇష్టమొచ్చినట్టు చేస్తే కుదరదు. బీచ్ రోడ్ డ్రోన్ షాట్ అని ఇన్విటేషన్ వీడియోలో రాసేముందే పర్మిషన్ సంగతి తేల్చుకోండి, క్లయింట్‌కి మాట ఇచ్చాక కాదు. ఓపెన్ లాన్‌లో సౌండ్ రాత్రి 10కి ఆగిపోవాలి, అది ఎక్కడైనా ఉన్న రూలే. అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్ల సీజన్, 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబర్ 12నే, ఆ నెలల్లో లాన్ తీసుకుంటే లోపల హాల్ కూడా బ్యాకప్‌గా బ్లాక్ చెయ్యాల్సిందే.

ఇప్పుడు ఎవర్ని ఎక్కించకూడదో చెప్తా. కార్పెంటర్లు, లైట్ బాయ్స్, ఫ్లవర్ డెకరేషన్ వాళ్ళు, రాత్రంతా సెటప్ చేసేవాళ్ళని ఈ బండిలో వేసి మధ్యాహ్నం దింపి సాయంత్రం నుంచి పని చెయ్యమనడం అన్యాయం. పొద్దున మూడింటికి లేచి, రోజంతా కూర్చుని, మళ్ళీ తెల్లారే దాకా నిచ్చెనలు ఎక్కాలా? ఎత్తు మీద పనిచేసే మనిషికి నిద్ర లేకపోతే అది ప్రమాదం. వాళ్ళకి సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ వెయ్యండి, పడుకుని పోతారు, తెల్లారి దిగుతారు, ఆ రోజు రెస్ట్ ఇచ్చి రాత్రికి పని మొదలెట్టించొచ్చు. 1974 నుంచి నడుస్తున్న బండి, మన ఫీల్డ్‌లో పాత మేస్త్రీలకి దాని కోచ్ ఎక్కడ ఆగుతదో కూడా తెలుసు. అన్నట్టు డెకరేషన్ చూసేవాళ్ళు ఒకళ్ళు మాత్రం వందే భారత్‌లోనే వచ్చి రాజమండ్రిలో దిగిపోతే కడియం నర్సరీలు, కడియపులంక పూల మార్కెట్ దగ్గరే, మొక్కలు, బంతి, చామంతి రేట్లు అక్కడే మాట్లాడుకుని రోడ్డు మీద వైజాగ్ చేరొచ్చు. మధ్య స్టేషన్లలో బండి ఎక్కువసేపు ఆగదు, తలుపులు వాటంతట అవే మూసుకుంటయి, బ్యాగులు తీసుకుని ముందే తలుపు దగ్గర నిలబడమనండి.

టికెట్ల విషయంలో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఒక టికెట్ మీద ఆరుగురే. మన దగ్గర చివరి నిమిషంలో మనుషులు మారుతుంటారు కదా, ఒకళ్ళ టికెట్ మీద ఆఫీసులో ఇంకొకళ్ళు పోవడం కుదరదు, పేరు మార్చేది కుటుంబ సభ్యులకి, ఇంకా రూల్‌లో ఉన్న కొన్ని గ్రూపులకే. పొద్దున బండికి చార్ట్ ముందు రోజు రాత్రి 8 కల్లా వచ్చేస్తది, వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్ళకి అప్పుడే తెలిసిపోతది, ప్లాన్ బీ చేసుకోడానికి రాత్రి టైం ఉంటది. సికింద్రాబాద్ స్టేషన్‌లో కొత్త బిల్డింగ్ పనులు నడుస్తున్నయి కాబట్టి మెయిన్ ఎంట్రన్సా, బోయిగూడ వైపా అనేది ప్లాట్‌ఫాం చూసుకుని గ్రూప్‌లో రాత్రే పెట్టండి. వైజాగ్‌లో దిగాక కూడా అంతే, ఒకటో ప్లాట్‌ఫాం వైపు బయటికి రావాలా జ్ఞానాపురం వైపా అనేది డ్రైవర్‌కి ముందే చెప్తే ఇరవై నిమిషాలు మిగులుతయి.

బిల్లుల గురించి ఒకటి, ఇది అకౌంట్స్ వాళ్ళు చెప్పేదాకా ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్ కంపెనీ వైజాగ్‌లో హోటల్ రూములు, హాల్ నేరుగా బుక్ చేసుకుంటే జీఎస్టీ ఆంధ్రప్రదేశ్ కింద పడతది, ఏపీలో రిజిస్ట్రేషన్ లేని కంపెనీకి ఆ క్రెడిట్ రాదు, అంటే కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకోలేరు. అదే ఈవెంట్ మొత్తం నిర్వహణ సర్వీసుగా మనం బిల్ చేస్తే, క్లయింట్‌కి జీఎస్టీ నంబర్ ఉంటే, వాళ్ళ రాష్ట్రం లెక్కలోకి వస్తది. పెద్ద బడ్జెట్‌లో ఈ తేడా లక్షల్లో ఉంటది. కొటేషన్ పంపకముందే మీ సీఏతో కూర్చోండి.

మధ్యాహ్నం 3 బండి దేనికంటే, మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ విజిట్టో, పోలీస్ పర్మిషన్ పనో ఉన్నవాళ్ళకి. రాత్రి 11:30కి దిగుతారు కాబట్టి హోటల్‌కి లేట్ అరైవల్ అని రాయించండి, లేదంటే రూమ్ వేరేవాళ్ళకి ఇచ్చే రిస్క్ ఉంటది.

తిరుగు ప్రయాణానికి వైజాగ్‌లో మధ్యాహ్నం 2:35కి బయల్దేరేది మాకు సరిగ్గా సరిపోతది. ఈవెంట్ అయిపోయి స్టేజీ, సెటప్ అంతా విప్పేసరికి రాత్రి రెండో మూడో అయితది, చెకౌట్ దాకా పడుకుని, వెండర్ల బ్యాలెన్స్‌లు సెటిల్ చేసి, ఏదో ఒకటి తిని ఎక్కేయొచ్చు. బండిలో ఖర్చులన్నీ రాసుకుని పడుకుంటే సికింద్రాబాద్‌లో రాత్రి 11:20. ఆ టైంకి మెట్రో అయిపోతది, క్యాబ్ రేట్లు డబుల్ ఉంటయి, టీమ్‌లో అమ్మాయిలు ఉప్పల్ ఒకళ్ళు, మియాపూర్ ఒకళ్ళు. ఆ డ్రాపింగ్ బండి ఖర్చు ఈవెంట్ కొటేషన్‌లోనే ఒక లైన్‌గా పెట్టండి, డ్రైవర్ నంబర్ వైజాగ్‌లో బండి ఎక్కకముందే వాళ్ళ చేతికి ఇవ్వండి.