‘ఆయ్’ అంటే అవునని కాదండీ: అమలాపురంలో ఒకరోజు శిక్షణ

పిల్లల్ని క్షుద్రపూజలో కూర్చోబెట్టారని ఊళ్లో గొడవ లేస్తే, వాళ్లతో ముందుగా మాట్లాడేది అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో. వాళ్లకోసం అమలాపురంలో పెట్టిన శిక్షణ ఇది. భోజనంతో కలిపి 500 రూపాయలు. పొద్దుటి పూటకి పూర్తి మార్కులు వెయ్యొచ్చు. మధ్యాహ్నానికి సగమే ఎక్కువ.

పొద్దున్నంతా మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు. బడి నడిపేవాళ్లు పిల్లల్ని లైంగికంగా హింసించారని, క్షుద్రపూజలు చేశారని ఆరోపణ. కాలిఫోర్నియాలో 1983లో మొదలై, 1990లో ఎవరికీ శిక్ష పడకుండానే ముగిసింది. అది ఎక్కడ చెడిందో ఒక్కో పొరా విప్పి చూపించారు. పోలీసులు సుమారు 200 మంది తల్లిదండ్రులకు ఉత్తరం రాశారు. ఏమేం జరిగి ఉండొచ్చో అందులోనే ఏకరువు పెట్టి, మీ పిల్లల్ని అడిగి చూడండన్నారు. ఇంకేముంది, ఇంటింటా అవే ప్రశ్నలు. తర్వాత ఇంటర్వ్యూల్లో ‘మిగతావాళ్లు చెప్పేశారుగా’ అనడం, చెప్తే మెచ్చుకోవడం, లేదంటే మళ్లీ అడగడం. సొరంగాలు, జంతుబలులు అలా పుట్టుకొచ్చాయి. 1998లో గార్వెన్ అనే పరిశోధకురాలి బృందం ఈ పద్ధతినే 3 నుంచి 6 ఏళ్ల పిల్లల మీద పరీక్షించింది. బడికొచ్చి కథ చెప్పి వెళ్లిన మనిషి చెయ్యని పనుల గురించి అడిగితే, 58 శాతం జవాబులు అవుననే వచ్చాయి. మెప్పూ ఒత్తిడీ లేకుండా అవే అడిగితే 17 శాతం. అంతా ఐదు నిమిషాల్లోపు.

అలాగని పిల్లల మాటే నమ్మొద్దనలేదు, అది మెచ్చదగ్గ సంగతి. బ్రిటన్‌లో 1994 నాటి లా ఫోంటేన్ నివేదిక, పిల్లల్ని క్షుద్రపూజల తంతులో హింసించారన్న 84 కేసులు చూసింది. తంతు జరిగినట్టు ఆధారం దొరికింది 3 కేసుల్లో. వాటిలోనూ తంతు ఒక ముసుగు, లైంగిక హింస మాత్రం నిజం. పూజ అబద్ధమైతే హింస కూడా అబద్ధమేనని అనుకోకూడదు.

మధ్యాహ్నం అభ్యాసం. ఇచ్చిన కాగితాల నిండా సాతాను, నేలమాళిగలు. నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే కోనసీమలో నేలమాళిగేంటండీ! ఇక్కడ పుకారు నడిచేది చేతబడి, చిల్లంగి, లంకెబిందెల మీద. వాటి ఊసే లేదు.

అసలు లోటు ఇంకొకటి. మన వైపు పెద్దవాళ్లు ఏమడిగినా పిల్లలు ‘ఆయ్’ అంటారు. అది మర్యాద. ‘తాతగారు నిమ్మకాయ కోశారా?’ ‘ఆయ్.’ ‘నల్లచీర ఆవిడ కూడా ఉందా?’ ‘ఆయ్ అండీ.’ రెండు ఆయ్‌లకే కేసు తయారు! అందుకే అవును, కాదు అనిపించే ప్రశ్నే వెయ్యకూడదు. ‘ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమ్మా’, ‘తర్వాత ఏమైంది?’ ఈ రెండూ చాలు. నల్లచీర సంగతి పిల్ల నోట రాకపోతే మన నోటా రాకూడదు. పిల్ల అన్న మాట అన్నట్టే, మన ప్రశ్నతో సహా, టైము వేసి రాసిపెట్టాలి. దీనికి కేటాయించింది పావుగంట.

ఒకచోట మాత్రం పెద్ద తప్పే చెప్పారు: ‘ముందు మీరు నిర్ధారించుకుని, అప్పుడు ఫిర్యాదు చెయ్యండి’ అని. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అలాంటిది తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలు. నిర్ధారణ పేరుతో నలుగురు నాలుగుసార్లు అడిగితే, మెక్‌మార్టిన్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పొద్దున్న చెప్పిన పాఠం సాయంత్రానికి వాళ్లే మర్చిపోయారు.

పనసపొట్టు కూర బాగుంది. హాల్లో ఫ్యాన్లు తక్కువ. వెళ్లేవాళ్లు పొద్దుటి భాగం వదలకండి, 19వ సెక్షన్ ఒకసారి చదువుకుని వెళ్లండి.