ఈమ్‌కి వెళ్లాలా, ఆబట్స్ బ్రోమ్లీకా?

ఇంగ్లాండ్‌లో పాత పల్లె ఒక్కటే చూసే వీలుంటే నా ఓటు డెర్బీషైర్‌లోని ఈమ్‌కే. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో అక్కడికి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది చర్చి పాస్టర్ విలియం మాంపెసన్ మాట విని జనం పొలిమేర దాటకుండా ఉండిపోయారు. సరిహద్దు రాయి గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేస్తే, బయటివాళ్లు సరుకులు పెట్టి వెళ్లేవారు. సుమారు 260 మంది చనిపోయారు. ఆ రాయి ఇప్పటికీ ఉంది, గుంటలతో సహా.

స్టాఫర్డ్‌షైర్‌లోని ఆబట్స్ బ్రోమ్లీది వేరే సరదా. సెప్టెంబరులో ఒక సోమవారం ఆరుగురు రెయిన్‌డీర్ కొమ్ములు మోస్తూ పొద్దస్తమానం ఊరంతా తిరిగి ఆడతారు. కార్బన్ పరీక్షలో ఆ కొమ్ములు 11వ శతాబ్దానివని తేలింది. బాగానే ఉంటుంది కానీ, మిగతా రోజుల్లో కొమ్ములు చర్చి గోడ మీదే. ఈమ్‌కైతే ఎప్పుడెళ్లినా సరే.