పెద్ద మాన్‌స్టెరాకు ఏది మేలు: ఏసీ హాలా, బాల్కనీ నీడా?

చీలికల ఆకులతో పాకే మాన్‌స్టెరా మొక్క చిన్నగా ఉన్నంతకాలం ఈ ప్రశ్నే రాదు. కుండీ చేత్తో పట్టుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఆకు మూరెడు వెడల్పయి, కాండం ఊతకర్రను దాటిపోయి, కుండీ కదపాలంటే ఇద్దరు పట్టాల్సి వచ్చినప్పుడు దానికో స్థిరమైన చోటు చూడాలి. ఎండలు 40 డిగ్రీలు దాటే చోట చాలామంది ఇంకేమీ ఆలోచించకుండా ఏసీ హాల్లో పెట్టేస్తారు. మనకు హాయిగా ఉంటే మొక్కకూ హాయే అనుకుంటారు. నేను మాత్రం బాల్కనీ నీడవైపే మొగ్గుతాను. అలాగని ప్రతి బాల్కనీ పనికొస్తుందని కాదు, అన్నిచోట్లా ఏడాది పొడవునా పనికొస్తుందనీ కాదు.

దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వానల అడవులు దీని పుట్టిల్లు. చేమ, కంద మొక్కల కుటుంబమే ఇదీ. అక్కడ నేలమీద మొలిచి, దగ్గర్లో ఉన్న చెట్టు మొదలును పట్టుకుని, గాలివేళ్లతో అతుక్కుంటూ పైకి పాకుతుంది. పైన కొమ్మల నీడ, చుట్టూ చెమ్మ, వెచ్చటి గాలి. అంటే వెచ్చదనం దానికి అలవాటే. 18 నుంచి 30 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతుంది, చెమ్మ ఉంటే ఇంకాస్త వేడినీ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనివి పొడిగాలి, నెత్తిన పడే ఎండ, వెలుతురు లేని మూల. ఏసీ హాల్లో మొదటిదీ చివరిదీ కలిసి ఉంటాయి. బాల్కనీలో ఎండా, ఒక్కోసారి పొడిగాలీ ఉంటాయి.

వెలుతురు సంగతి చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మన కన్ను తక్కువ వెలుతురుకు సర్దుకుంటుంది కాబట్టి హాలు మనకు వెలుతురుగానే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ సుమారు లక్ష లక్సులుంటే (లక్స్ అంటే వెలుతురు కొలత), బాల్కనీ నీడలో వేలల్లో ఉంటుంది. కిటికీకి రెండు మూడు మీటర్ల లోపల, సోఫా పక్కన, అది వందల్లోకి పడిపోతుంది. పైగా వేసవిలో ఏసీ చల్లదనం పోకుండా పరదాలు కూడా దించేస్తాం. అలాంటి చోట మొక్క చచ్చిపోదు, అందుకే బాగానే ఉందనుకుంటాం. కొత్తగా వచ్చే ఆకుల్ని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాత ఆకు కంటే చిన్నగా, చీలికలు లేకుండా వస్తుంది. ఆకుకూ ఆకుకూ మధ్య కాండం సాగిపోతుంది. మొక్క మొత్తం కిటికీ వైపు ఒరుగుతుంది. ఇంత పెద్ద మొక్కను పెంచుకునేదే ఆ చీలికల ఆకుల కోసం కదా!

ఇక పొడిగాలి. ఏసీ గాలిని చల్లబరిచేటప్పుడు అందులోని తేమను కూడా లాగేస్తుంది; బయటి పైపులోంచి కారే నీళ్లు అవే. మాన్‌స్టెరాకు గాలిలో తేమ 60 శాతం దాకా ఉంటే ఇష్టం. గంటల తరబడి ఏసీ నడిచే గదిలో అది బాగా తగ్గిపోతుంది. దాని దెబ్బ ముందు పడేది కొత్త ఆకు మీదే. లేత ఆకు గట్టి చుట్టలా బయటికొచ్చి, లోపలి నుంచి మెల్లగా విచ్చుకోవాలి. తేమ చాలకపోతే చుట్ట సగంలో ఆగిపోతుంది, అంచు గోధుమరంగుకు తిరిగి అంటుకుపోతుంది. అప్పుడు చేత్తో విప్పబోతే చర్రున చిరుగుతుంది, ఆ చిరుగు ఆ ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అలా ఇరుక్కుంటే తడిగుడ్డతో చుట్టను మెత్తబరిచి వదిలేయండి. రోజుకు నాలుగుసార్లు స్ప్రే కొట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఆ తేమ కాసేపటికే ఆవిరైపోతుంది. గాలికి తేమనిచ్చే యంత్రం, హ్యూమిడిఫైయర్, అయితే పనిచేస్తుంది. ఏసీ గాలి నేరుగా ఆకుల మీద కొట్టే చోట మాత్రం ఏం చేసినా వృథాయే.

పొడిగాలిలో ఎర్రనల్లి అనే ఆకురసం పీల్చే చిన్న పురుగు కూడా చేరుతుంది. ఆకు అడుగున ఈనెల వెంట సన్నని బూజులాంటి గూడు, పైన సూదితో పొడిచినట్టు లేత చుక్కలు కనిపిస్తే అదే. వేడి, పొడి కలిసిన చోట బాల్కనీలోనూ వస్తుంది గానీ, అక్కడైతే పైపుతో ఆకుల అడుగుభాగాన్ని ధారగా కడిగేయొచ్చు. హాల్లో ఆ పని చేయలేం, ఒక్కో ఆకూ తుడుచుకోవాల్సిందే.

బాల్కనీ కష్టాలు వేరు. పడమటి బాల్కనీ అయితే ఆలోచనే వద్దు. మధ్యాహ్నపు ఎండ ఒక్కరోజు నేరుగా తగిలినా ఆకుమీద మచ్చ తెల్లగా పాలిపోయి, తర్వాత ఎండుకాగితంలా తయారవుతుంది. తూర్పు బాల్కనీలో ఉదయపు నీరెండ పడి ఆ తర్వాత నీడ వస్తుంది కాబట్టి అది అన్నిటికన్నా మంచిది. నల్లటి ప్లాస్టిక్ కుండీని కాలే నేలమీద పెట్టకండి, లోపల వేళ్లు ఉడికిపోతాయి. బయటికి మట్టికుండీ మేలు. మంచినీళ్ల కుండలాగే దాని గోడల్లోంచి తేమ ఆవిరై మట్టి చల్లగా ఉంటుంది. బరువెక్కువే, అందుకే చక్రాల పీట మీద పెట్టండి, ఆ చక్రాల అవసరం తర్వాత పడుతుంది.

నీళ్ల విషయంలో చాలామంది మొక్కను పోగొట్టుకునేది బాల్కనీలోనే. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలిపోయి కనిపిస్తాయి, గబగబా బకెట్ తెచ్చి పోసేస్తారు. ఆ వేళ ఆకు వాలడానికి కారణం చాలాసార్లు మట్టి ఎండటం కాదు, వేళ్లు అందించేదానికంటే వేగంగా ఆకు నీటిని పోగొట్టుకోవడం. వేలు రెండు కణుపుల లోతుకు దించి చూడండి. చెమ్మ తగిలితే పోయకండి, పొద్దువాలాక ఆకులు వాటంతటవే లేస్తాయి. తడిమట్టిలో మళ్లీ మళ్లీ పోస్తే, ఆ వేడికి వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేక ఆకులు ఇంకా వాలుతాయి, అది చూసి ఇంకా పోస్తారు. ఉదయం కూడా వాలే ఉంటే, మట్టి పొడిగా ఉంటే, అప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి. వేసవి బాల్కనీలో రెండు మూడు రోజులకే కుండీ ఆరిపోవచ్చు. అదే మొక్క ఏసీ హాల్లో వారం దాటినా తడిగానే ఉండొచ్చు. కాబట్టి చోటు మారితే పాత లెక్క వదిలేయాలి.

సముద్రం దగ్గర, ఉక్కపోత ఉండే చోట బాల్కనీ నీడకు తిరుగులేదు. గాలిలో తేమ మీ ఏసీ హాల్లో కంటే ఎప్పుడూ ఎక్కువే, ఆకులు ఏడాదంతా వస్తూనే ఉంటాయి. లోపలి మెట్టప్రాంతాల్లో, వడగాలి వీచే వారాల్లో మాత్రం మొక్కను లోపలికి తేవాలి. వడగాలికి ఆకు తన కంటికి కనబడని శ్వాసరంధ్రాలు మూసేసుకుంటుంది, ఇక తనను తాను చల్లబరుచుకోలేదు, అంచుల నుంచి మాడుతుంది. ఆ కొద్దికాలం కిటికీని ఆనుకుని, ఏసీ గాలి తగలని వైపు ఉంచితే చాలు. పై అంతస్తుల్లో గాలి హోరున కొట్టే బాల్కనీ ఉన్నవాళ్లు, పడమటి బాల్కనీ ఒక్కటే ఉన్నవాళ్లు ఏడాదంతా హాల్లోనే పెంచుకోవడం మంచిది, కానీ పెద్ద కిటికీ పక్కన, హ్యూమిడిఫైయర్‌తో. చంటిపిల్లలో, పిల్లులో కుక్కలో ఉంటే ఎక్కడ పెట్టినా అందనివ్వకండి, ఆకు నమిలితే నోరు మండి వాచిపోతుంది.

వడగాలులు తగ్గాక బయటికి పంపేటప్పుడు తొందరపడొద్దు. హాల్లో మెత్తబడ్డ ఆకులు ఒక్కసారిగా బాల్కనీ వెలుతురును కూడా తట్టుకోలేవు. మొదట గుమ్మం దగ్గర, తర్వాత బాల్కనీ గోడవారగా, ఆ తర్వాతే పాత చోటికి, పది పదిహేను రోజుల మీద జరపండి.