చేత్తో తిప్పే టమాటా మిల్లు: మూడు సీజన్లు వాడాక

ఉడికిన టమాటాల తొక్కా గింజా ఆపి, సాసుకి గుజ్జు మాత్రం కిందకి దించేది ఈ మిల్లు. కోతకి మూడు కిలోల లోపు కాయలు వచ్చేవాళ్లకి ఇది దండగ. ఇంట్లో ఉన్న జల్లెడా గుంట గరిటే చాలు. మేడ మీద పది పన్నెండు గ్రో బ్యాగులు పెట్టి, సంక్రాంతి దాటాక వారానికి ఐదారు కిలోలు కోసేవాళ్లయితే కొనుక్కోవచ్చు. విజయవాడ ఎండలకి మార్చి దాటితే కొత్త పిందె నిలవదు. రాత్రిళ్లు కూడా వేడి తగ్గక పూత రాలిపోతుంది. అంటే దీనికి పని ఏడాదిలో రెండున్నర నెలలే, మిగతా రోజులంతా అటక మీదే.

వన్‌టౌన్ స్టీలు కొట్లలో అడిగితే జ్యూసు మిషన్ చేతిలో పెట్టారు, అది వేరు. ఇది స్టీలు గిన్నె. అడుగున చిల్లుల పళ్లెం, దాని మీద ఏటవాలుగా తిరిగే రేకు, కింద ఆ రేకుని పళ్లేనికి అదిమి పట్టే స్ప్రింగు, పైన పిడి. చిల్లుల పళ్లేలు మూడిస్తారు. టమాటాకి పనికొచ్చేది ఒకటిన్నర మిల్లీమీటర్ల చిల్లులది ఒక్కటే. మూడు మిల్లీమీటర్లది వేస్తే గింజలు సగం కిందకి దిగిపోతాయి. నాలుగుది బంగాళాదుంప మెదపడానికి.

చాలామంది తప్పు చేసేది కాయలు ఉడికించకుండా వేసి తిప్పడం దగ్గర. పిడి బరువెక్కుతుంది, తొక్కకి గుజ్జు అంటుకుపోతుంది, దిగిన రసం గంటకల్లా పైన నీళ్లు, కింద పిప్పిగా విడిపోతుంది. కాయ కోయగానే అందులోని ఎంజైములు పెక్టిన్‌ని విరగ్గొట్టడం మొదలుపెడతాయి, సాసుకి చిక్కదనమిచ్చేది ఆ పెక్టినే. అందుకే మొత్తం ఐదు కిలోలూ తరిగి పెట్టుకోకూడదు. ముందు ఒక కిలో నాలుగేసి ముక్కలు చేసి, వెడల్పాటి స్టీలు గిన్నెలో పెద్ద మంట మీద గరిటెతో చిదుపుతూ ఉడుకు పట్టించాలి. మిగతావి తరిగినవి తరిగినట్టు ఆ ఉడుకులోనే వేస్తూ పోవాలి, ఉడుకు ఆగకూడదు. అన్నీ పడ్డాక పది నిమిషాలు. నీళ్లు చుక్క కూడా వద్దు, కాయలో ఉన్నదే ఎక్కువ. అల్యూమినియం గిన్నె, ఇనుప బాణలి రెండూ వద్దు, పులుపు లోహాన్ని తింటుంది.

మిక్సీ ఉండగా ఇదెందుకని అడుగుతారు. మిక్సీలో గింజ నలిగితే సాసుకి సన్నటి చేదు వస్తుంది. పైగా గాలి చేరి, ఎర్రటి గుజ్జు నురగతో నారింజ రంగుకి మారుతుంది. మిల్లులో ఈ రెండూ లేవు. అసలు లాభం ఇదే, టైము కాదు. ఐదు కిలోలకి మిల్లుతో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, మిక్సీ అయితే ఐదు.

మిల్లు గిన్నెలో సగానికి మించి పోయకూడదు. పది చుట్లు ముందుకి తిప్పితే రెండు చుట్లు వెనక్కి తిప్పాలి, అప్పుడే చిల్లులకి అంటుకున్న తొక్కలు లేచొస్తాయి. తేలిగ్గా తిరుగుతూ కిందకేమీ దిగట్లేదంటే తొక్కలు పేరుకున్నట్టు, తీసేసి మళ్లీ పోయాలి. పళ్లెం వెనక పట్టిన గుజ్జు గరిటెతో గీకితే అరకప్పు వస్తుంది, అన్నిటికన్నా చిక్కనిది అదే. ఐదు కిలోలకి రసం నాలుగు లీటర్ల పైన, పిప్పి అరకిలో పైన. నాటు కాయలకి పులుపు బావుంటుంది గానీ నీళ్లెక్కువ. అర్క రక్షక్ లాంటి కండ ఉన్న రకాలకి మరిగే సమయం కలిసొస్తుంది.

తర్వాతి రెండు గంటలూ మిల్లుకి సంబంధం లేదు, ఏ పనీ లేని ఆదివారానికి సరిపోయిన వంట. నాలుగు లీటర్ల రసానికి 200 గ్రాముల పంచదారలో మూడోవంతు మొదట్లోనే వేయాలి, రంగు నిలుస్తుంది. బెల్లం వేస్తే గోధుమ రంగుకి తిరుగుతుంది. ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, అల్లం ముక్క, ఐదు లవంగాలు, అంగుళం దాల్చిన చెక్క, చెంచా మిరియాలు దంచి పల్చటి గుడ్డలో మూటకట్టి వేయాలి. గుంటూరు కారం రెండు చెంచాలు చాలు, తేజ అయితే ఒకటే. సగానికి ఇగిరేదాకా మంట పెద్దదే, ఆ తర్వాత సిమ్. అప్పటినుంచి చిమ్ముతుంది, చేతి మీద పడితే బొబ్బే. మూత వారగా పెట్టి, అడుగు గీస్తూ కలపాలి. మూడోవంతుకి వచ్చాక మూట పిండి తీసేసి మిగతా పంచదార, 30 గ్రాముల ఉప్పు వేయాలి. వెనిగర్ 120 మిల్లీలీటర్లు దించబోయే ఐదు నిమిషాల ముందు, ముందే పోస్తే ఘాటు ఆవిరైపోతుంది.

అయిందో లేదో చల్లటి పళ్లెంలో అరచెంచా వేసి చూడాలి. ముద్ద చుట్టూ పల్చటి నీటి అంచు పాకితే ఇంకా పది నిమిషాలుంది. అంచు పాకకుండా, వేలితో మధ్యలో గీసిన గీత కలవకుండా నిలిస్తే దించేయడమే. ఐదు కిలోలకి కిలో పావు నుంచి కిలోన్నర దాకా వస్తుంది. ఉడకబెట్టి ఆరబెట్టిన గాజు సీసాల్లో వేడిగా పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు నెలలు నిలుస్తుంది. నిల్వకి కలిపే సోడియం బెంజోయేట్ వేయని సాసుని మన ఊరి వేడిలో బయట పెడితే మూత ఉబ్బి కల్లు వాసన కొడుతుంది. బూజు చుక్క కనిపిస్తే పైపైన తీయడం కాదు, సీసా మొత్తం పారబోయాలి.

ఇక వస్తువు సంగతి. రెండో సీజన్లో స్ప్రింగు మొదలు దగ్గర తుప్పు పట్టింది. గిన్నె, పళ్లేలు స్టీలే, స్ప్రింగు మాత్రం కాదన్నమాట. కడిగిన వెంటనే తుడిచి, కొబ్బరి నూనె చుక్క రాస్తే మూడో సీజన్లో మళ్లీ రాలేదు. బోరు నీళ్లకి చిల్లుల్లో తెల్లటి గార కడుతుంది, వెనిగర్‌లో గంట నానబెడితే పోతుంది. ప్లాస్టిక్ గిన్నెది చవకే గానీ వేడి గుజ్జు పోస్తే అంచు వంగుతుంది, రేకు పళ్లేన్ని తాకడం మానేస్తుంది. కొనేముందు పళ్లేలు, స్ప్రింగు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి. నేను కొన్న చోట విడిభాగాలు లేవు, నేనిచ్చే రేటింగులో ఒక స్టారు తగ్గించింది అందుకే.

పిప్పి పారేయొద్దు. పళ్లెంలో పల్చగా పరిచి మేడ మీద రెండెండలు చూపించి పొడి కొడితే చారులో చెంచాడు వేసుకోవచ్చు. పునుగుల్లోకి మాత్రం ఈ సాసు వద్దు, అల్లం పచ్చడే.