వీసా చేతికి రాకముందే యూరప్ రైలు టికెట్లు కొనకండి

ఇటలీ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు కార్డు నంబరు కొట్టేముందు ఒక్కసారి ఇది చదవండి.

మేము నలుగురం. జూన్ ప్రయాణానికి మార్చిలోనే రోమ్ నుంచి వెనిస్‌కు ఫ్రెచ్చారోస్సా (ఇటలీ హైస్పీడ్ రైలు) టికెట్లు తీసేసుకున్నాను. రైలు సంస్థ సొంత సైటులో కాదు, మధ్యలో ఉండే ఒక బుకింగ్ సైటులో. మనకు ఐఆర్‌సీటీసీ అలవాటు కదా, 60 రోజుల ముందు పొద్దున్నే ఎనిమిదింటికి కాచుక్కూర్చోకపోతే వెయిటింగ్ లిస్టే అన్న భయం. దానికి తోడు స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాల్లో 'ఈ ధరకు ఇంకా 5 సీట్లే'. టెన్షన్ పడి కట్టేశాను. మనిషికి 35 యూరోలు, పైన సర్వీస్ ఫీజు. మొత్తం 14 వేలు దాటింది.

అప్పటికి వీసా స్లాటే దొరకలేదు. దొరికేసరికి ప్రయాణం 9 రోజులు వాయిదా పడింది. తేదీ మారుద్దామని వెళ్తే ఆ బటనే లేదు. రద్దు నొక్కితే 'వాపసు: 0.00 యూరోలు' అని వచ్చింది. పీడీఎఫ్ పెద్దది చేసుకుని చూస్తే, అడుగున ఆవగింజంత అక్షరాల్లో 'సూపర్ ఎకానమీ'. ఆ రకం టికెట్‌కు తేదీ మార్చడం లేదు, రద్దు చేస్తే పైసా రాదు. మెయిల్ పెడితే 'రైలు సంస్థ రూల్' అన్నారు. సరే, మరి సీట్లు అయిపోతున్నాయని ఎర్రగా రాసినవాళ్లకు ఈ ముక్క ఎర్రగా రాయడానికి ఏమొచ్చింది? వాళ్ల సర్వీస్ ఫీజు కూడా వెనక్కి ఇవ్వలేదు.

అయినా నాకు బుద్ధి రాలేదు. కొత్త తేదీలకు అదే సైటులో ఫ్లోరెన్స్ నుంచి పీసాకు కూడా ముందే కొన్నాను. తీరా వెళ్తే అది మన ప్యాసింజర్ బండి లాంటిది. సీటు నంబరు ఉండదు, ఎప్పుడు కొన్నా ధర ఒకటే. స్టేషన్‌లో మెషిన్ దగ్గర ఫీజు లేకుండా అదే టికెట్ కనిపిస్తుంటే మా అమ్మాయి నా వైపు చూసింది. నేను బోర్డు వైపు చూశాను.

కాబట్టి ఏది ముందు కొనాలో తేల్చుకోండి. హైస్పీడ్ రైళ్ల ధర విమానం టికెట్‌లా రోజులు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది, అది నిజమే. కానీ వీసా రాకముందే కొనక తప్పకపోతే చవకది వదిలేసి, ఇటలీలో 'బేస్' రకం తీసుకోండి. తేదీ మార్చుకోవచ్చు, రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది ఇస్తారు. జర్మనీలో చవక రకం 'సూపర్ ష్పార్‌ప్రైస్' కూడా సూపర్ ఎకానమీలాగే రద్దు కాదు. స్విట్జర్లాండ్‌లో మామూలు టికెట్ ధర ఏ రోజు కొన్నా మారదు, ముందు కొంటే చవకయ్యేవి 'సూపర్‌సేవర్' లాంటివే. వీసా ఫైల్ కోసమని కంగారు పడేవాళ్లకు ఒక మాట: ఊళ్ల మధ్య రైలు టికెట్లు నన్నయితే ఎవరూ అడగలేదు.

రెండోసారి రోమ్–వెనిస్ మనిషికి 62 యూరోలు పడింది. పాస్‌పోర్టులు ఇంటికొచ్చిన రోజు రాత్రే, రైలు సంస్థ సైటులోనే కొన్నాను.